రాత్రి ఆకాశంలోకి వేడిని వదిలి కరెంటు తీయడం: అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్యానెల్ తయారీ

27 డిగ్రీల వేడిమి ఉన్న ఏ నల్లటి పలక అయినా చదరపు మీటరుకు దాదాపు 460 వాట్ల వేడిని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా వదులుతూ ఉంటుంది. ఆ కిరణాల్లో మూడోవంతు 8 నుంచి 13 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో ఉంటాయి. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మిగతా కిరణాలను పట్టేస్తాయి గానీ ఈ పట్టీని మాత్రం చాలావరకు వదిలేస్తాయి. ఆ వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. పోయినంత తిరిగి రాదు కాబట్టి పలక చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. ఆ పలక కింద ఒక పెల్టియర్ మాడ్యూల్ (రెండు ముఖాల మధ్య వేడిమి తేడా ఉంటే కరెంటు పుట్టించే చిన్న బిళ్ల) పెట్టి, మాడ్యూల్ రెండో ముఖాన్ని గాలి వేడిమి దగ్గర ఉంచితే సూర్యుడు లేని వేళ కరెంటు వస్తుంది.

వచ్చేది చాలా కొద్ది. 2019లో యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల బృందం 20 సెంటీమీటర్ల అల్యూమినియం బిళ్లకు నల్ల రంగు వేసి, థర్మోకోల్ పెట్టెలో పెట్టి, చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు తీసి ఒక తెల్ల ఎల్‌ఈడీని వెలిగించింది. ఇక్కడ చెప్పే 30×30 సెంటీమీటర్ల ప్యానెల్ మంచి రాత్రి 2 నుంచి 4 మిల్లీవాట్లు ఇస్తుంది. పొలంలో తేమ కొలిచే సెన్సర్‌కో, చిన్న దీపానికో సరిపోతుంది. ఫోను ఛార్జింగ్ ఆశలు పెట్టుకోవద్దు.

దీన్ని చేసేవాళ్లలో ఎక్కువమంది మాడ్యూల్ ఎంపిక మీదే బుర్ర పెడతారు. కానీ గెలుపోటములు తేలేది అక్కడ కాదు. ఆకాశం మనకిచ్చే బడ్జెట్ చదరపు మీటరుకు 50 నుంచి 100 వాట్లు మాత్రమే. పలకలోకి చేరే ప్రతి వాటూ మాడ్యూల్ గుండానే రావాలి, పక్క దారుల్లో రాకూడదు. ఇక్కడి ప్రతి మరా, ప్రతి పొరా ఆ ఒక్క పని కోసమే.

మీ ఊరి ఆకాశాన్ని ముందే లెక్కగట్టండి

మబ్బులేని ఆకాశం ఎంత వేడిని తిరిగి కిందికి పంపుతుందో డ్యూ పాయింటును (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే వేడిమిని) బట్టి అంచనా వేసే సూత్రం ఒకటి 1984 నుంచి వాడుకలో ఉంది, బెర్డాల్, మార్టిన్ అనే ఇద్దరు ఇచ్చినది. ఫోనులో వాతావరణ యాప్ డ్యూ పాయింటును చూపిస్తుంది. దాన్ని 100తో భాగించండి. వచ్చిన సంఖ్యను 0.56తో గుణించి ఒకచోట, దాని వర్గాన్ని 0.73తో గుణించి మరోచోట రాసుకోండి. రెండింటినీ 0.711కి కలపండి. అర్ధరాత్రి వేళకు ఇంకో 0.013 కలపండి. ఇది ఆకాశపు ఎమిసివిటీ, అంటే అదే వేడిమిలో ఉన్న నల్లటి పలకతో పోలిస్తే ఎన్నో వంతు వేడిని వదులుతుందో చెప్పే అంకె. దీన్ని 1లోంచి తీసేస్తే మిగిలేదే మన వాటా.

ఆదిలాబాద్ వైపు పొడి చలి రాత్రి, గాలి 17 డిగ్రీలు, డ్యూ పాయింట్ 5 అనుకుందాం. ఎమిసివిటీ 0.754 వస్తుంది. 17 డిగ్రీల దగ్గర నల్లటి పలక వదిలేది 401 వాట్లు, అందులో 0.246 వంతు, అంటే చదరపు మీటరుకు 99 వాట్లు మనవి. అదే కాకినాడలోనో విశాఖలోనో ఉక్కపోత రాత్రి, గాలి 27, డ్యూ పాయింట్ 24 అయితే ఎమిసివిటీ 0.90కి చేరి, చేతికొచ్చేది 46 వాట్లే.

వాట్లు సగానికి తగ్గాయి కదా, కరెంటూ సగమే తగ్గుతుందనుకుంటే పొరపాటు. మాడ్యూల్ వోల్టేజీ ఉష్ణోగ్రతల తేడాను బట్టి పెరుగుతుంది, పవర్ ఆ వోల్టేజీ వర్గాన్ని బట్టి. బడ్జెట్ సగమైతే పవర్ నాలుగోవంతుకు పడుతుంది. తీరంలో ఉన్నవాళ్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొడి గాలి వీచే రాత్రులను చూసుకుని పరీక్షించడం మేలు. వానాకాలంలో కిందికి దిగిన మబ్బు ఇంచుమించు గాలి వేడిమితోనే ఉండి 8-13 పట్టీని కూడా మూసేస్తుంది. అప్పుడు మీటరులో సున్నా కనబడితే ప్యానెల్‌ను విప్పి చూడాల్సిన పనిలేదు.

సామాన్లు

- 30×30 సెం.మీ. అల్యూమినియం షీటు, 2 మి.మీ. మందం. బరువు అరకిలో లోపే.
- 40×40 మి.మీ. పెల్టియర్ మాడ్యూల్, టీఈసీ1-12706. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సులువుగా దొరికేది ఇదే.
- 40×40×50 మి.మీ. అల్యూమినియం దిమ్మ.
- 10-15 సెం.మీ. వెడల్పు, ఫిన్లు ఉన్న హీట్ సింక్.
- 5 సెం.మీ. మందం థర్మోకోల్ షీట్లు. నొక్కితే గుంట పడనంత గట్టివి తీసుకోండి.
- 12-15 మైక్రాన్ల పల్చటి పాలిథిన్ ఫిల్మ్.
- థర్మల్ పేస్ట్, నాలుగు పొడవాటి ఎం3 స్టెయిన్‌లెస్ మరలు, నైలాన్ వాషర్లు, సిలికా జెల్ పొట్లాలు.
- ఎల్‌టీసీ3108 చిప్ ఉన్న బూస్ట్ కన్వర్టర్ (తక్కువ వోల్టేజీని పెంచి ఇచ్చే) బోర్డు, 1:100 ట్రాన్స్‌ఫార్మర్‌తో. 1 ఫారడ్ సూపర్ కెపాసిటర్.
- 20 లీటర్ల బకెట్.

షీటు మందం దగ్గర పిసినారితనం పనికిరాదు. పలక అంచున పోగైన చల్లదనం మధ్యలో ఉన్న మాడ్యూల్ దాకా లోహం గుండానే రావాలి. అర మిల్లీమీటరు రేకు వాడితే అంచుల భాగం పేరుకు ఉంటుందే తప్ప పనిలోకి రాదు. 2 మి.మీ. దగ్గర నష్టం సహించదగినంతే ఉంటుంది, 3 మి.మీ. ఇంకా మంచిది. రాగి రేకు దొరికితే అల్యూమినియానికి అవసరమైన మందంలో సగం చాలు, కానీ ఖరీదు చూసుకోండి.

మాడ్యూల్‌ను అమ్మేవాడి మాట మీద కాకుండా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. హీట్ సింక్ మీద మాడ్యూల్ పెట్టి, పైన వేణ్నీళ్ల స్టీలు గ్లాసు ఉంచి వోల్టేజీ చూడండి. ఒక డిగ్రీ తేడాకు దాదాపు 50 మిల్లీవోల్టులు రావాలి. లోపలి రెసిస్టెన్స్‌ను మల్టీమీటర్ ఓంల రేంజిలో కొలవకండి, మాడ్యూల్ పుట్టించే వోల్టేజీ కలిసి తప్పుడు అంకె చూపిస్తుంది. ఏమీ తగిలించనప్పుడు వచ్చే ఓపెన్ వోల్టేజీ చూసి, తర్వాత ఏ రెసిస్టర్ పెడితే వోల్టేజీ సరిగ్గా సగమవుతుందో వెతకండి. ఆ రెసిస్టర్ విలువే మాడ్యూల్ రెసిస్టెన్స్. 12706కి 2 ఓంల దగ్గర ఉండాలి. పగిలిన మాడ్యూల్ అయితే ఈ అంకె ఎక్కువగానో, నిలకడ లేకుండానో వస్తుంది.

పూత: రాత్రికి ఒకటి, పగటికి ఇంకొకటి

వట్టి అల్యూమినియం ఇన్‌ఫ్రారెడ్‌లో అద్దంలాంటిది, ఎమిసివిటీ 0.05 చుట్టుపక్కల. పూత లేని పలకను ఆకాశం కింద ఎంతసేపు ఉంచినా ఏమీ జరగదు. ఆకాశాన్ని చూసే ముఖానికే పూత వేయాలి, కింది ముఖాన్ని మెరుస్తూ వదిలేయాలి. అలా ఉంటే థర్మోకోల్ వైపు నుంచి వచ్చే కిరణాలను అది తిప్పికొడుతుంది.

రాత్రికి మాత్రమే అయితే బ్లాక్‌బోర్డు పెయింట్ చాలు. 220 నంబరు ఎమరీతో గీకి, ఎసిటోన్‌తో తుడిచి, రెండు చేతులు, అంటే రెండు పొరలు, పల్చగా వేయండి. 0.95 దాకా ఎమిసివిటీ వస్తుంది. రాత్రి వేళ గోడ సున్నానికీ నల్ల రంగుకీ పెద్ద తేడా లేదు. కంటికి కనిపించే రంగుకూ 10 మైక్రాన్ల దగ్గరి ప్రవర్తనకూ సంబంధం లేదు.

పగలు కూడా నడవాలంటే కథ మారుతుంది. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు 900 వాట్లు అనుకుంటే, అందులో 10 శాతం పీల్చుకునే తెల్ల రంగు 90 వాట్లు లోపలికి తెస్తుంది. ఆకాశం తీసుకుపోయేది 80. అంటే పలక చల్లబడదు, వేడెక్కుతుంది. 4 శాతమే పీల్చే పూతకు 36 వాట్లు లోనికి వచ్చి 44 మిగులుతాయి, రాత్రి పవర్‌లో 30 శాతం వస్తుంది. 2 శాతమే పీల్చే పూతతో 62 వాట్లు మిగిలి 60 శాతం వస్తుంది. ప్రతిఫలనం 95 శాతం దాటకపోతే పగటి కరెంటు మాట మరిచిపోవచ్చు. మామూలు తెల్ల పెయింట్లలోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను పీల్చేస్తుంది కాబట్టి అవి ఈ గీత దాటడం కష్టం.

గీత దాటించే పూతలు రెండున్నాయి. చిన్న ల్యాబ్‌లో రెండూ కుదురుతాయి.

మొదటిది 2018లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు చూపించిన రంధ్రాల పాలిమర్ పూత. పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ అనే పాలిమర్, ఎసిటోన్, నీరు 1:8:1 బరువు నిష్పత్తిలో. మన పలకకు మూడోవంతు మిల్లీమీటరు ఎండిన పూత రావాలంటే 25 గ్రాముల పాలిమర్, 200 గ్రాముల ఎసిటోన్, 25 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ పడతాయి. మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో పాలిమర్‌ను ఎసిటోన్‌లో పూర్తిగా కరగనివ్వండి, కొన్ని గంటలు పడుతుంది. తర్వాత కలుపుతూనే నీటిని చుక్కచుక్కగా వేయండి. ఒక్కసారి పోస్తే పాలిమర్ ముద్దలుగా విడిపోతుంది, ఆ ముద్దలు మళ్లీ సులువుగా కరగవు. పలకపై పూసి నీడలో ఆరనివ్వాలి. ఎసిటోన్ ముందు ఎగిరిపోతుంది, పాలిమర్‌లో చిక్కుకున్న నీటి బొట్లు తర్వాత ఆరిపోతూ సూక్ష్మ రంధ్రాలను వదిలివెళ్తాయి. ఎండను చెదరగొట్టేది ఆ రంధ్రాలే. పాలిమర్‌లోని కార్బన్-ఫ్లోరిన్ బంధాలేమో 8-13 పట్టీలో వేడిని వదులుతాయి. వాళ్ల కొలతల్లో ఎండ ప్రతిఫలనం 0.96, ఎమిసివిటీ 0.97.

తప్పు జరిగేది రెండో చేయి వేసేటప్పుడు. కొత్త పూతలోని ఎసిటోన్ కింది పూతను కరిగించి రంధ్రాలను కూల్చేస్తుంది. కిందిది పూర్తిగా ఆరాక ఒక్క ఊపులో పూసి వదిలేయాలి, బ్రష్‌తో తిరిగి రుద్దకూడదు. పాలలా తెల్లగా కాకుండా మసక అద్దంలా కనిపించిన చోట రంధ్రాలు లేవని అర్థం, అక్కడ గీకి మళ్లీ వేయండి. ఎసిటోన్ ఆవిరి నిప్పురవ్వకే అంటుకుంటుంది. వంటగదిలోనూ, మోటార్ ఫ్యాను పక్కనా ఈ పని వద్దు.

రెండోది బేరియం సల్ఫేట్ పెయింట్. 2021లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు యాక్రిలిక్‌లో 60 శాతం ఘనపరిమాణం బేరియం సల్ఫేట్ కలిపి 98.1 శాతం ప్రతిఫలనం సాధించారు. బరువులోకి మారిస్తే 85 పాళ్లు పొడి, 15 పాళ్లు ఎండిన యాక్రిలిక్. మన పలకకు 0.4 మి.మీ. పూతకు 100 గ్రాముల పొడి, సగం నీరున్న యాక్రిలిక్ ఎమల్షన్ 35 గ్రాములు, పల్చన చేయడానికి నీళ్లు. మంగంపేట బెరైట్స్ కూడా బేరియం సల్ఫేటే కదా అని ఆ ఖనిజం పొడి తెచ్చుకుంటే పని జరగదు. దానిలోని మలినాల బూడిద రంగు ఎండను పీల్చేస్తుంది. రసాయనాల దుకాణంలో ప్రెసిపిటేటెడ్ రకం అడగండి. ఇంత పొడి పెట్టిన పెయింట్ సుద్దముక్కలా పెళుసుగా ఉంటుంది, వేలితో రాస్తే వచ్చేస్తుంది. అంటుకునేందుకు యాక్రిలిక్ పెంచితే గట్టిపడుతుంది గానీ తెలుపు తగ్గుతుంది. అతుకుదల సమస్యకు కింద ప్రైమర్ పూతే సరైన మందు, జిగురు పెంచడం కాదు.

రెండింట్లో దేన్ని ఎంచుకోవాలి? పాలిథిన్ కవర్ కింద ఉండే పలకకు బేరియం పెయింట్ చాలు, చౌక కూడా. కవర్ లేకుండా వానకు తడిసే పలకకు పాలిమరే నిలుస్తుంది.

8-13 పట్టీలో మాత్రమే వేడిని వదిలి, మిగతా చోట్ల అద్దంలా ఉండే పూతలు ఇంకా మంచివని చదివి ఉంటారు. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో వెండి మీద హాఫ్నియం డయాక్సైడ్, సిలికా ఏడు పొరలుగా పేర్చి, ఎండలోనే గాలి కంటే 4.9 డిగ్రీలు చల్లబరిచినది ఆ దారిలో పెద్ద మెట్టు. పలక గాలి కంటే బాగా చల్లగా నడిచేటప్పుడే ఆ ఎంపికకు ఫలితం ఎక్కువ. మన మాడ్యూల్ వేడిని పలకలోకి తోస్తూనే ఉంటుంది కాబట్టి పలక గాలి కంటే అయిదారు డిగ్రీలే కింద ఉంటుంది. అక్కడ అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ వేడి వదిలే సాదా పూతకూ వాక్యూమ్ చాంబర్‌లో వేసిన పూతకూ ఉన్న తేడా, థర్మోకోల్‌లో ఒక పగులు తెచ్చే నష్టానికి సరిపోతుంది. ముందు పగులు మూయండి.

    

కూర్పు

థర్మోకోల్ మధ్యలో 40 మి.మీ. చదరపు రంధ్రం కోయండి. కింద హీట్ సింక్, దాని మీద దిమ్మ, దిమ్మ మీద మాడ్యూల్, దాని మీద పలక. ఈ వరుసను తిప్పకండి. మాడ్యూల్ పలకకు ఆనుకుని ఉంటే దిమ్మ మొత్తం గాలి వేడిమిలో ఉంటుంది, దాని పక్కల నుంచి ఏం జరిగినా నష్టం లేదు. దిమ్మను మాడ్యూల్ పైన పెడితే అదీ చల్లబడి, చుట్టూ ఉన్న థర్మోకోల్ నుంచి వేడి లాగడం మొదలుపెడుతుంది.

దిమ్మ ఎందుకు, మాడ్యూల్‌ను నేరుగా సింక్ మీద పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. మాడ్యూల్ మందం 4 మి.మీ. లోపే. అప్పుడు చల్లటి పలకకూ వెచ్చటి సింక్‌కూ మధ్య 4 మి.మీ. గాలే మిగులుతుంది, చదరపు మీటరుకు డిగ్రీకి 6 వాట్లకు పైగా అందులోంచి కారిపోతాయి. 5 సెం.మీ. థర్మోకోల్‌లో అదే కారుడు 0.7 వాట్లు. 50 మి.మీ. దిమ్మ తన వంతుగా అడ్డుకునేది వాటుకు 0.16 డిగ్రీలు మాత్రమే.

దిమ్మ రెండు ముఖాలూ చదునుగా ఉండాలి. గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి, కిరోసిన్ చుక్క వేసి దిమ్మను ఎనిమిది ఆకారంలో రుద్దితే చదునవుతుంది. పేస్ట్‌ను వీలైనంత పల్చగా రాయండి, అది గుంటలను నింపడానికే, మెత్తగా పరచడానికి కాదు. మరలు మాడ్యూల్‌కు బయట 55 మి.మీ. చదరంలో, పలక నుంచి సింక్ దాకా దిగాలి. మామూలు ఇనుప మర కంటే స్టెయిన్‌లెస్ మర వేడిని మూడోవంతే తీసుకెళ్తుంది. 60 మి.మీ. పొడవైతే నాలుగు కలిపినా నష్టం లెక్కలోకి రాదు. ఎదురెదురు మరలను కొంచెం కొంచెంగా బిగించండి. ఒక మూల ముందే బిగిస్తే మాడ్యూల్ సెరామిక్ పింగాణీలా పగులుతుంది.

కవర్

గాలి వీచే రాత్రి కవర్ లేని ప్యానెల్ పవర్ సగానికి పడుతుంది. కానీ గాజు, యాక్రిలిక్ షీటు, పాలిస్టర్ షీటు ఇవన్నీ 10 మైక్రాన్ల దగ్గర గోడలే. పల్చటి పాలిథిన్ మాత్రమే దారిస్తుంది. వంటింటి క్లింగ్ ఫిల్ముల్లో చాలా రకాలు పీవీసీ, పనికిరావు. తేల్చుకోవాలంటే రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి ఫిల్మ్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వస్తే అది పీవీసీ. పాలిథిన్ అయితే కొవ్వొత్తి వాసనతో కాలుతుంది.

పలకకూ ఫిల్మ్‌కూ మధ్య 2-3 సెం.మీ. ఖాళీ ఉంచి, డోలు చర్మంలా బిగించండి. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుంటూ లోపలి గాలిని కదిలిస్తుంది. చల్లటి పలక కింద, వెచ్చటి ఫిల్మ్ పైన ఉన్నందున మధ్యలోని గాలి పైకి లేవదు, నిశ్చలంగా పడి ఉంటుంది. రెండో ఫిల్మ్ వేయడం దండగ, అది ఆపే గాలి వేడి కంటే అడ్డుకునే కిరణాలే ఎక్కువ. ఖాళీలో సిలికా జెల్ పెట్టి అంచులన్నీ టేప్‌తో మూసేయండి. లేకపోతే పలక డ్యూ పాయింట్ కిందికి దిగగానే దాని మీద నీరు చేరి, ఆ నీరు వదిలే వేడి మీ బడ్జెట్‌ను తినేస్తుంది.

వెచ్చటి వైపు

ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఇదే. చిన్న సింక్ గాలిలో వేలాడితే వాటుకు ఒక డిగ్రీ చొప్పున అది కూడా చల్లబడుతుంది. 2 వాట్లు ప్రవహిస్తే మాడ్యూల్‌కు దక్కాల్సిన రెండు డిగ్రీలు అక్కడే పోతాయి. 20 లీటర్ల బకెట్‌ను నీళ్లతో నింపి, ఫిన్లు మునిగేలా పెట్టెను అంచుల మీద కూర్చోబెడితే ఈ నష్టం చాలావరకు పోయి, పవర్ ఒకటిన్నర రెట్లవుతుంది. రాత్రంతా లాగినా నీటి వేడిమి ఒకటిన్నర డిగ్రీ కూడా పడదు. బకెట్ మూతి పెట్టెతో పూర్తిగా మూసుకోవాలి, ఆవిరైపోయే నీరు బకెట్‌ను గాలి కంటే చల్లబరిచి పనంతా చెడగొడుతుంది. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు ఫిన్లను తినేస్తాయి, వాననీళ్లు మేలు.

పెట్టెను పిట్టగోడకు, ట్యాంకుకు దూరంగా పెట్టండి. పలక మట్టం నుంచి గోడ ఎంత ఎత్తు లేస్తుందో దానికి రెండింతలైనా దూరం ఉండాలి. ఎండకు కాగిన గోడ రాత్రంతా పలకకు వేడిని పంపుతూనే ఉంటుంది.

కరెంటును ఒడిసిపట్టడం

పలక గాలి కంటే అయిదున్నర డిగ్రీలు చల్లబడితే గాలిలో వేలాడే సింక్‌తో మాడ్యూల్ మీద మూడున్నర డిగ్రీలు నిలుస్తాయి. 175 మిల్లీవోల్టులు ఓపెన్‌గా, 2 ఓంల లోడు మీద 3.8 మిల్లీవాట్లు. ఇది కాగితం మీది లెక్క. ఫిల్మ్ ఆపే వంతు తీసేస్తే 3 దగ్గర ఉంటుంది. ఈ వోల్టేజీకి జూల్ థీఫ్ అనే సాదా బూస్ట్ సర్క్యూట్ లేవదు. చాలా సోలార్ బూస్ట్ చిప్‌లకు నిద్ర లేవడానికే కొన్ని వందల మిల్లీవోల్టులు కావాలి. ఎల్‌టీసీ3108, 1:100 ట్రాన్స్‌ఫార్మర్‌తో 20 మిల్లీవోల్టులకే లేస్తుంది, దాని ఇన్‌పుట్ రెసిస్టెన్స్ కూడా రెండు మూడు ఓంల ప్రాంతంలో ఉండి 12706కి సరిగ్గా జత కుదురుతుంది. సగానికి పైగా పవర్ అదే తినేస్తుంది, తప్పదు. చేతికొచ్చే ఒకటి ఒకటిన్నర మిల్లీవాట్లతో 1 ఫారడ్ కెపాసిటర్ 3.3 వోల్టులకు చేరడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. నిరంతరం వెలిగే ఎల్‌ఈడీకి అర మిల్లీ ఆంపియర్ మించి ఇవ్వలేరు. అప్పుడప్పుడూ లేచి రీడింగ్ పంపే సెన్సర్‌కైతే ధారాళం.

మాడ్యూల్‌ను చిప్‌కు తగిలించే ముందు రాత్రి వేళ ప్లస్, మైనస్ చూసుకోండి. నల్ల పలక పగలు వేడెక్కి వోల్టేజీ తిరగబడుతుంది, 3108 ఆ దిశలో పనిచేయదు. రెండు దిశలూ వాడుకోవాలంటే ఎల్‌టీసీ3109 తీసుకోండి, దానికి 30 మిల్లీవోల్టులు కావాలి. మాడ్యూల్ నుంచి బోర్డుకు తీగలు పొట్టిగా, లావుగా ఉండాలి. 2 ఓంల మూలం దగ్గర అర ఓం తీగ పెట్టడమంటే పవర్‌లో గణనీయ భాగం పారబోయడమే.

ఎక్కడ పోతోందో కనిపెట్టడం

మూడు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టండి: గాలికి ఒకటి, పలక అడుగుకు ఒకటి, సింక్‌కు ఒకటి. వాటి పొరపాటు అర డిగ్రీ దాకా ఉంటుంది, మనం చూసేది మూడు నాలుగు డిగ్రీల తేడా. మూడింటినీ ఒకే నీళ్ల గ్లాసులో ముంచి, వాటి మధ్య తేడాలు రాసుకుని తర్వాత తీసేయండి. గాలి సెన్సర్ మీద ఆకాశం కనబడకుండా చిన్న రేకు కప్పు ఉండాలి, లేకపోతే అది కూడా ఆకాశంలోకి వేడి వదిలి గాలి కంటే తక్కువ చూపిస్తుంది.

పలక గాలి కంటే బాగా చల్లగా ఉండి, సింక్ కూడా దాదాపు అంతే చల్లగా ఉంటే తప్పు వెచ్చటి వైపుది. పలకకూ సింక్‌కూ తేడా బాగుండి వోల్టేజీ తక్కువైతే మాడ్యూల్ ముఖాల దగ్గర పేస్ట్ సరిగా అంటలేదు, లేదా మాడ్యూల్ పగిలింది. పలకే గాలి దగ్గర నిలిచిపోతే దిమ్మను విడదీసి, రంధ్రాన్ని థర్మోకోల్ ముక్కతో మూసి పలకను ఒంటరిగా ఉంచి చూడండి. మంచి రాత్రి ఏడెనిమిది డిగ్రీలు దిగాలి. అప్పుడూ దిగకపోతే ఫిల్మ్‌నో, అంచులనో, ఆకాశాన్నో అనుమానించండి. సాయంత్రం బాగా నడిచి తెల్లవారుజామున నెమ్మదించిందా, ఫిల్మ్ పైన మంచు పట్టి ఉంటుంది. పల్చటి నీటి పొర కూడా ఇన్‌ఫ్రారెడ్‌కు గోడే, అప్పటినుంచి పలకకు ఆకాశం బదులు ఫిల్మ్ కనిపిస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే కాసేపటికి మళ్లీ పుంజుకుంటుంది.

ఫిల్మ్ ఎండకు కొన్ని వారాల్లోనే పెళుసవుతుంది, గోరుతో నొక్కితే చిట్లే దశ రాకముందే మార్చేయండి. వేసవిలో దుమ్ము పట్టిన తెల్లపూత పగటి లాభాన్ని మొదట పోగొట్టుకుంటుంది, రాత్రి పవర్‌కు మాత్రం దుమ్ము పెద్ద అడ్డు కాదు.

ఎక్కువ కరెంటు కావాలంటే పలకను పెద్దది చేయకండి, అంచుల నుంచి మధ్యకు దారి పొడవైపోతుంది. అడుగు సైజు పలకల సంఖ్యనే పెంచి, ఒక్కోదానికి ఒక్కో మాడ్యూల్ ఇవ్వండి. రెండు మాడ్యూళ్లను సిరీస్‌లో కలిపినా రెసిస్టెన్స్ 4 ఓంలే కాబట్టి ఒక 3108తో సర్దుకోవచ్చు. అంతకు మించితే ప్రతి జతకూ విడి బోర్డు పెట్టి, అవుట్‌పుట్‌లను షాట్కీ డయోడ్ల ద్వారా ఒకే కెపాసిటర్‌కు చేర్చండి.